హోరు ఆగినచోట ఒక క్యాప్షన్

2022 ఆగస్టు. బెంజ్ సర్కిల్ దగ్గర మా ఇంట్లో కూర్చుని ఒక పాత ఇంగ్లీషు సినిమాకు తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. కొత్త విమానాలను మొదటిసారి నడిపి చూసే టెస్ట్ పైలట్ల కథ. ధ్వనికంటే వేగంగా ఎగరాలని వాళ్ల పంతం. ఊళ్లోని ఒక ఫిల్మ్ క్లబ్ వారు 21న, ఆదివారం ప్రదర్శనకు, వినికిడి లేనివారూ చూసేలా రాయమని అడిగారు. అప్పటికి ఈ పనిలో నాకు పందొమ్మిదేళ్లు.

వినికిడి లేనివారికోసం రాసేవాటిని క్యాప్షన్లు అంటాం. మాటలతోపాటు తలుపు చప్పుడు, గాలి హోరు కూడా రాయాలి. ప్రతిదానికీ క్యూ ఉంటుంది, అంటే అక్షరాలు తెరమీదకు వచ్చే క్షణం, పోయే క్షణం. అది కాస్త తప్పినా నాకు అన్నం సహించదు.

రాసింది సరిచూడటానికి 19న నాకు తెలిసిన మస్తాన్ గారినీ, ఆయన భార్య షమీమ్ గారినీ పిలిచాను. ఆటోనగర్‌లో లారీ ఇంజన్ల మధ్య పనిచేసి చేసి ఆయనకు వినికిడి పోయింది. ఎదుటివారు తెలుగులో మాట్లాడితే పెదాలు చూసి గ్రహిస్తారు. సినిమా హాలుకు మాత్రం వెళ్లడం మానేశారు.

"ఏమన్నాడు, ఏమన్నాడు అని నేను గోల చేస్తుంటే ఈవిడ సినిమా చూస్తుందా, నాకు కథ చెబుతుందా? నువ్వెళ్లిరా అన్నానండీ."

"ఒక్కదాన్నే పోయి ఎవరి మొహం చూడాలంట?" అన్నారు షమీమ్ గారు. "ఇది కుదిరితే ఆదివారం ఇద్దరం వస్తామండీ. కుదరకపోతే ఇక ఈయన్ని కదిలించడం నా వల్ల కాదు."

సినిమా పెట్టాను. పైలట్ విమానాన్ని నిట్టనిలువుగా దించుతున్నాడు. కింద ఆఫీసు గదిలో అతని భార్య రేడియోలో ఆ హోరు వింటోంది. ఉన్నట్టుండి హోరు ఆగిపోయింది. షమీమ్ గారు "యా అల్లా!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మస్తాన్ గారు తెర వదిలి ఆమెవైపు తిరిగారు.

"ఏమైంది? ఆ పిల్ల అట్టాగే కూర్చునుందిగా?"

ఆమె తెరవైపు వేలు చూపించారు. ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేవబోయారు. "చూశారా మేడమ్, మళ్లీ అదే వరస."

చప్పుడు వస్తే రాస్తాం, ఆగితే అక్షరాలు తీసేస్తాం. వినేవారికి ఆ నిశ్శబ్దమే పిడుగు. ఆయనకు మాత్రం తెరమీద ఏమీ మారలేదు.

ఆయన్ని కూర్చోమని సైగ చేసి, అక్కడ కొత్త క్యూ పెట్టి 'ఇంజను ఆగింది' అని రాశాను. షమీమ్ గారు అడ్డుపడ్డారు.

"అప్పుడే అంత మాట అనకండి మేడమ్. ఆ అమ్మాయికింకా తెలీదుగా!"

నిజమే. కొట్టేసి 'హోరు ఆగిపోయింది. రేడియోలో నిశ్శబ్దం' అని మార్చాను. ఆయన చదివారు. లేవలేదు.

ఆదివారం వారి వెనక వరసలో కూర్చున్నాను. ఆ ఘట్టం వచ్చింది. హాలంతా బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే మస్తాన్ గారి చెయ్యి భార్య చేతిని వెతుక్కుంది. ఆయన చూపు తెరమీదే ఉంది. ఆమె తల తిప్పలేదు.

బయటికి వచ్చాక షమీమ్ గారు, "ఇవాళ ఒక్క ప్రశ్న కూడా అడగలేదండీ ఈయన!" అన్నారు.

మస్తాన్ గారు ఆ పెదాలు చదివేశారు. "ఇంటికి పదవే, అన్నీ కలిపి అడుగుతా."

అప్పటినుంచి ప్రతి సినిమాలోనూ నిశ్శబ్దానికి కూడా క్యూ ఇస్తున్నాను. ఆ దంపతులకు నేను రుణపడి ఉన్నాను. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఒకే క్షణంలో ఉలిక్కిపడాలి. నా పని అక్కడికి పూర్తవుతుందని నాకు నేర్పింది వాళ్లే.