ఆటబొమ్మ మీద ఓణీల ఫ్లెక్సు

మిషన్ ఆన్ చేయగానే లోపల చిన్న ఫ్యాను తిరుగుతుంది. గుప్పిట్లో చిక్కిన తుమ్మెద బయటికి దారి వెతుక్కుంటున్నట్టు ఉంటుంది ఆ చప్పుడు. ఆ చప్పుడు వినబడితే పెదబొడ్డేపల్లిలోని ఆ రెండు గదుల ఇంట్లో రాచెల్ పని మొదలుపెట్టినట్టు.

నిజానికి అది ఆటలాడుకునే మిషన్. రెండు చేతులతో పట్టుకుంటే బొటనవేళ్ళ కింద గుండీలు, మధ్యలో చిన్న తెర. తమ్ముడు జోసఫ్ రాజు మోజుపడి కొనుక్కున్నాడు. అచ్యుతాపురంలో మందుల కంపెనీ షిఫ్టులు మొదలయ్యాక ఆడే ఓపిక లేక అక్క చేతిలో పెట్టేశాడు.

"లోపలంతా కంప్యూటరే అక్కా ఇది. ఆట పైపైనే" అంటూ ఒక వైరు టీవీకి కలిపాడు, కీబోర్డు, మౌసు తగిలించాడు. గోడ మీది టీవీ నిండా తెల్లటి వెలుగు పరుచుకుంది. ఇంకా ఎవరూ అడుగుపెట్టని ఇసుకలా ఉందా వెలుగు. ఉద్యోగం మానేయాలని ఆమె అప్పుడే అనుకుంది.

ఉద్యోగమంటే నర్సీపట్నం బస్సు కాంప్లెక్సు దగ్గర గోపీకృష్ణ ఫ్లెక్సు షాపులో ఒక స్టూలు. నడుం వాల్చడానికి ఏమీ లేని స్టూలు. ఏళ్ళ తరబడి దాని మీద కూర్చుని పుట్టినరోజుల్ని, పెళ్ళిళ్ళని, గెలిచినవాళ్ళని, ఓడిపోయినా గెలిచినట్టు నవ్వేవాళ్ళని పేర్చింది. ఫ్లెక్సు అంటే ముఖాలు పేర్చడమే. ఎవరు పైన, ఎవరు కింద, ఎవరి తల ఎంత పెద్దది అన్నదాని మీద అన్నదమ్ములు మాటలు మానుకున్న ఊళ్ళున్నాయి. ప్రతి ఫ్లెక్సుకీ అడుగున, కుడివైపు మూల, చీమంత అక్షరాల్లో షాపు పేరు ఉంటుంది. అక్కడ తన పేరు కూడా పెట్టుకోవచ్చా అని ఒకసారి అడిగింది.

గోపీకృష్ణ నవ్వాడు. "కంప్యూటరు ఎవరిదో పేరూ ఆళ్ళదే కదమ్మా."

కోపంతో అన్న మాట కాదు. అందుకే ఎక్కువ నాటుకుంది.

మానేస్తున్నానని చెప్పడానికి వెళ్ళిన రోజు సంచీలోంచి మిషన్ తీసి కౌంటరు మీద పెట్టింది.

"ఏటిది?"

"నా కంప్యూటరండీ."

"ఇందులో కార్ల రేసులాడతారు కదా. మా మేనల్లుడు ఇలాటిది కావాలని అన్నం మానేసేడు." షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. "ఫ్లెక్సులు సేస్తావా దీని మీద?"

"చేస్తానండీ. అచ్చు మాత్రం మీ దగ్గరే వేయించుకుంటాను."

"ఎయ్యననను. ఒకటే మాట. మొదటి ఫ్లెక్సులో ఏ తేడా వచ్చినా సోమవారం బేగి, పొద్దున్నే వచ్చి ఈ స్టూలు మీద కూకో. ఆటబొమ్మ మీ తమ్ముడికిచ్చీ."

"తేడా రాకపోతే?"

ఆయన నవ్వుతూ బిల్లు పుస్తకం తెరిచాడు.

"రాకపోయినా సోమవారం కనబడతాను లెండి" అని రాచెల్ మిషన్ సంచీలో పెట్టుకుంది.

మొదట్లో అది మాట వినలేదు. షాపులో వాడే పాత తెలుగు ఫాంట్లు దానికి ఎక్కలేదు. ఉచితంగా దొరికే బొమ్మల సాఫ్ట్‌వేరు వేసుకుంటే రంగులు తెర మీద ఒకలా, కాగితం మీద ఒకలా వచ్చాయి. ఆమె కొత్త ఊరి దారులు నేర్చుకున్నట్టు ఒక్కో సందూ తిరిగి నేర్చుకుంది. సాయంత్రం తల్లి కరుణకుమారికి టీవీలో బైబిలు వాక్యం వినే వేళ. అప్పుడు వైరు పీకేసి, మంచం మీద వాలి, చేతుల్లోని చిన్న తెర మీదే బొటనవేళ్ళతో పని సాగించేది.

"పని సేస్తన్నావా, ఆడుకుంటన్నావా?" అనేది తల్లి.

"రెండూనమ్మా."

మొదటి పని నాతవరం నుంచి వచ్చింది. ధర్మతేజ అనే కుర్రాడు, చెల్లెలి ఓణీల ఫంక్షన్. ఫొటోలన్నీ వాట్సాప్‌లో పంపాడు. పోయిన పెద్దల్ని పైన పెట్టడం ఇక్కడి పద్ధతి. గుండ్రటి చట్రం, పక్కన వెలిగే దీపం. మధ్యలో ఓణీ వేసుకున్న పిల్ల, చుట్టూ బతికున్న చుట్టాలు. వచ్చిన వాటిలో ఒక పాత జంట ఫొటో ఉంది. ఫ్రేములో ఉన్నదాన్నే ఫోనుతో తీశాడు. గాజు మీద ఈ చివర్నుంచి ఆ చివరికి గంధపు దండ. రాచెల్ ఇంట్లో, పోయిన నాన్న ఫొటోకి దండ లేదు. క్రైస్తవుల ఇళ్ళలో వెయ్యరు. దండకి ఆమె కళ్ళు నేర్చుకున్న అర్థం ఒక్కటే, పోయారని. ఇద్దర్నీ పైకి చేర్చి దీపం వెలిగించింది.

ధర్మతేజ చూసి "ఓకే అక్కా" అన్నాడు. షాపులో అయితే ఆ మాటతో అచ్చుకి వెళ్ళిపోతుంది. కానీ దీని అడుగున కుడివైపు మూల 'రాచెల్ డిజైన్స్, నర్సీపట్నం' అని ఉంది. పేరు అక్కడ పడ్డాక నిద్రపట్టనివ్వని భయం ఆమెకి పట్టుకుంది. ఇంటిల్లిపాదీ చూస్తేగాని వెయ్యకూడదనుకుంది. కంప్యూటర్ని సంచీలో వేసుకుని నాతవరం షేర్ ఆటో ఎక్కింది. కాలవ పక్కన నాట్లు ఊడ్చిన మడులు ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా పట్టుకుని ఉన్నాయి. ఒళ్ళో సంచీ చంటిపిల్లలా వెచ్చగా ఉంది.

ధర్మతేజ వాకిట్లోనే ఎదురొచ్చాడు. రాచెల్ మిషన్ తీసి ఆన్ చేయగానే ఇంట్లోవాళ్ళు గుమిగూడారు. పొలం నుంచి అప్పుడే వచ్చిన ఒక ముసలామె, కొంగు నడుముకి బిగించి, కాళ్ళకి బురదతో, మనుషుల్ని పక్కకి నెట్టి తెర మీదికి వంగింది. చాలాసేపు చూసింది.

"ఇది మా ఆయన."

"అవునండీ" అంది రాచెల్.

"పక్కన ఈ దీపం కింద ఉన్నది నేనే."

ఆమె పేరు మహాలక్ష్మమ్మ, ధర్మతేజ నాయనమ్మ. మొగుడు పోయాక జంట ఫొటోకి దండ వేశారు. దండ ఆయన దగ్గర ఆగలేదు, అంతే.

"నన్ను బేగి పంపించీసేవే పిల్లా."

"తప్పు నాదేనండీ మామ్మగారూ. అడగాల్సింది."

"ఇందుకే గోపీకృష్ణ గారి షాపులో సేయించమని అందరూ సెప్పేరు. ఆటబొమ్మ మీద సేస్తే ఇలాగే ఉంటాది" అన్నాడు ధర్మతేజ.

"నువ్వు ఓకే అన్లేదేట్రా?" మహాలక్ష్మమ్మ మనవడి వైపు తిరిగింది. "ఆ షాపోడు మనింటికొచ్చి సూపించేవోడా? నన్ను దీపంతో సహా వీధిలో కట్టీసి ఉందురు. ఈ ఊడుపులకి కూలోళ్ళని పిలిసింది నేను. గట్ల మీద తిరుగుతున్నది నేను. దించు పిల్లా నన్ను."

రాచెల్ అరుగు మీద కూర్చుంది. టీవీ లేదు, మౌసు లేదు. బొటనవేళ్ళు గుండీల మీద కదిలాయి. ఫ్యాను జోరందుకుంది.

"ఏటలా మూలుగుతోంది?"

"బరువు మోస్తోంది మామ్మగారూ. మిమ్మల్ని దించుతున్నాను."

మహాలక్ష్మమ్మ నవ్వింది. పాత ఫొటో వద్దంది. ఇప్పటిది తియ్యమంది. తల దువ్వుకోమని కోడలు దువ్వెన తెచ్చింది.

"ఎందుకు? ఇలాగే కదా ఉన్నాను" అని బురద కాళ్ళతోనే నిలబడింది. రాచెల్ ఫోనుతో తీసి, వైరు కలిపి, మిషన్లోకి లాక్కుంది.

"ఎక్కడ పెట్టమంటారు?"

"పిల్ల పక్కన. కోడలి తలకాయ కన్నా సిన్నది కాకుండా సూడు."

పైన తాతగారు ఒక్కరే మిగిలారు. ఆయన పక్కన ఖాళీ చోటు. దాన్ని పూలతో నింపబోయి రాచెల్ ఆగి అడిగింది.

"ఉండనీ. ఆయన సూస్తా ఉంటాడు. నాకు తొందరేటీ లేదు" అంది మహాలక్ష్మమ్మ.

శనివారం గోపీకృష్ణ ఆ ఫ్లెక్సు అచ్చు వేస్తూ కళ్ళజోడు పెట్టుకుని తేడా కోసం మూలమూలా వెతికాడు. మధ్యలో, పిల్ల పక్కన, కొంగు బిగించిన ముసలామె ఆయన్నే చూస్తోంది.

"ఈవిడేటి, పొలంలోంచి లేసొచ్చినట్టున్నాది?"

"పొలంలోంచే వచ్చారండీ" అంది రాచెల్. తేడా ఏదీ దొరక్క ఆయన కళ్ళజోడు తీసేశాడు.

సోమవారం పొద్దున్నే రాచెల్ షాపుకి వెళ్ళింది. అయినా గోపీకృష్ణ స్టూలు తుడిపించి కౌంటరు పక్కనే ఉంచాడు. ఆమె కౌంటరు దాటి లోపలికి వెళ్ళలేదు. ఇవతలే నిలబడి పెన్‌డ్రైవ్ ముందుకి జరిపింది.

"కనబడతానన్నాను కదండీ. ఇది కోటవురట్ల వాళ్ళ ఫ్లెక్సు. సాయంత్రానికి కావాలి."

గోపీకృష్ణ ఫైలు తెరిచి, కుడివైపు మూలకి వెళ్ళి ఆగాడు. "అయితే ఇకనుంచి ఈ పేరేనా?"

"కంప్యూటరు ఎవరిదో పేరూ వాళ్ళదే కదండీ."

ఆయన అచ్చు మిషన్ వైపు తిరిగాడు. రాచెల్ స్టూలుని కాలితో ఇవతలికి లాక్కుంది. తను కూర్చోలేదు. భుజం మీంచి సంచీ దించి, లోపలి మిషన్‌కి దెబ్బ తగలకుండా, దాని మీద పెట్టింది.