మైసయ్య తెచ్చిన ఏడో బొచ్చె

మైసయ్య అలియాబాద్ మనిషి. తెల్లవారుజామున శామీర్‌పేట చెరువులో వల వేస్తాడు. పదింటికల్లా తెల్లచొక్కా తొడుక్కుని కండ్లకోయలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అటెండరు అవతారం ఎత్తుతాడు. రెండు కొలువుల్లో ఒకదానికి సెలవు పెట్టాల్సివస్తే కాలేజీకే పెడతాడు.

ఆయన కాపలాలో ఉన్న ఘనత వహించిన యంత్రం పేరు అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు. పేరుకే మైక్రోస్కోపు, అది చూడదు, తడుముతుంది. కంటికి ఆనని సూదిమొనతో వస్తువును నొక్కి, సూదిని మోసే రేకు ఎంత వంగిందో చూసి, ఆ వస్తువు ఎంత గట్టిదో చెబుతుంది. మామిడిపండును వేలితో నొక్కి చూడ్డం లాంటిదే, కాకపోతే లక్షల ఖర్చు.

కౌకూర్ నుంచి వచ్చే పరిశోధక విద్యార్థిని శ్రీదివ్య దానితో చేప పొలుసుల గట్టిదనం కొలుస్తోంది. పొలుసులు తెచ్చే బాధ్యత మైసయ్యది. ఆరు బొచ్చె చేపలు ఒకే లెక్క చెప్పాయి. ఏడోది మెత్తగా తేలింది.

"మైసయ్యగారూ, ఏమీ అనుకోకండి. ఇది చెరువు చేపేనా? మార్కెట్లో ఐసు చేప కాదు కదా?"

మైసయ్య చేతిలోని గుడ్డను మడిచి బల్లమీద పెట్టాడు. మూడు తరాలుగా ఆ ఇంట చేప కొన్నవాళ్లు లేరు.

"నా వలల వడ్డదే మేడం. ఇంకో పొలుసు వెట్టి సూడుండ్రి."

పెట్టింది. అదీ మెత్తనే. పైగా పైకి లేవబోయిన సూది పొలుసుకు అతుక్కుంది. మూడు తరాల పరువు తెర మీద వంకర గీతగా కనబడింది.

శ్రీదివ్య పొలుసును వెలుతురుకు ఎత్తింది. "పచ్చగా ఉందేంటండీ?"

"ఉండదా మరి. మొన్న మీరు ముక్కు మూసుకుంటిరి గద. నీసు వాసన వోవాల్నని ఉప్పు, పసుపు వెట్టి రుద్దిన. నిమ్మకాయ గూడ పిండిన."

శ్రీదివ్య కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వింది. "సగం కూర చేసేశారండీ. నిమ్మరసం పొలుసులోని సున్నాన్ని తినేసింది. పైన పసుపు జిగురు. సూది పాపం దాన్నే నొక్కింది."

"గా చేపవే కడగని పొలుసులు ఇంటికాడ గంపల ఉన్నయ్. గంటల వస్త."

మైసయ్య బండి తీశాడు. వచ్చాక, ఒట్టి నీళ్లలో ముంచిన పొలుసు మీద సూది దిగింది. మైసయ్య తెర మీదికి వంగాడు.

"మిగతా ఆరు చేపల లెక్కతో కలిసింది," అంది శ్రీదివ్య. "చెరువుదే. నా మాట వెనక్కి తీసుకుంటున్నా."

ఏడో బొచ్చె చెరువుదేనని సాయంత్రానికి గేటు వాచ్‌మన్‌కు, క్యాంటీన్‌కు, నాలుగు కాలేజీ బస్సుల డ్రైవర్లకు తెలిసింది. వాళ్లలో ఎవరూ అడగలేదు.