లారీ వెనక ఉంగరాల జుట్టాయన

మొన్న ఆత్మకూరు బస్టాండులో మా మనవడు సెల్‌ఫోన్ నా ముఖం దగ్గర పెట్టాడు. ఆట మానేసిన ఫుట్‌బాల్ ఆటగాళ్ళలో జనం ఇప్పటికీ ఎవరిని మరిచిపోలేదో ఎవరో లెక్కలు కట్టారట. అందరికన్నా పైనున్న ఉంగరాల జుట్టు మనిషిని చూడగానే గుర్తుపట్టాను. దక్షిణ అమెరికా ఆయన. మావాడికి ఆయన ఆట తెలుసు. నాకు తెలిసింది లారీ వెనక ఆయన ముఖం.

తొంభైల్లో మా అన్న ఉదయగిరిలో ఒక షావుకారు లారీ తోలేవాడు. బస్తాలు వేసుకుని మర్రిపాడు మీదుగా బద్వేలు పోవడం పని. నెల్లూరులో ఎక్కడో టీవీలో ఆయన ఆట చూసి పిచ్చెక్కి, బండి వెనక ఆయన బొమ్మ వేయించాడు. సినిమా హీరోలకు అలవాటుపడ్డ పెయింటరు మీసం కూడా పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాడట. తర్వాత ఆయన ఆట మానేశాడని పేపర్లో పడింది. బండికి రంగులు వేయించే రోజులొచ్చాయి. "ఆట మానేసినోడి మొకం మనకెందుకురా? దేవుడి బొమ్మ ఏపిద్దాం" అన్నాడు షావుకారు. "ఈ దారెంబడి అందురికీ తెలుసన్నా ఈయన" అని మా అన్న పంతం పట్టి, ఆగిన ప్రతి టీ బంకు దగ్గరా అడగడం మొదలుపెట్టాడు. అనుమసముద్రంపేట దర్గా ముందు పూలమ్మే ఆమె సినిమాల్లో విలనా అంది. మా పాస్టరుగారు కళ్ళద్దాలు సర్దుకుని, అపొస్తలుల్లో ఎవరో అయి ఉంటారన్నారు. మర్రిపాడు దగ్గర గొర్రెల కాపరి ఒకాయన "మీ నాయనా?" అని అడిగాడు. నేను అన్నను తెగ ఏడిపించాను.

కొత్త రంగులు పడకముందే, ఆ ఏడాది వానల్లో బద్వేలు పోయిన బండి తిరిగి రాలేదు. వదిన అన్నం ముట్టడం మానేసింది. నేనూ నాయనా బస్సెక్కి, ఆగిన చోటల్లా దిగి అడిగాం. బండి నంబరు ఎవరికీ తెలియదు, అన్న పేరు అసలే తెలియదు. ఒక బంకు దగ్గర నాయన ఏమీ తోచక తల మీద వేలితో ఉంగరాలు చుట్టి చూపించాడు. "ఆ జుట్టాయన బండా! మొన్న పోయినాది, మళ్ళీ రాలా" అన్నాడు బంకాయన. అక్కణ్ణించి ప్రతి బంకులోనూ ఆ ముఖం తెలుసు. చివరికి కొండ మలుపులో నాయన మళ్ళీ వేలితో ఉంగరాలు చుట్టి చూపించగానే ఆ గొర్రెల కాపరే ఎదురొచ్చి నాయన చెయ్యి పట్టుకున్నాడు. "బండి లోయలో పడుండాదయ్యా. బొమ్మ చూసి మనోడేనని దిగినాం. పానం ఉండాది, ఆస్పత్రిలో ఏసినాం." నాయన రోడ్డు మీదే కూలబడి ఏడ్చాడు.

అన్న బతికాడు గానీ కాలు తీసేశారు. మళ్ళీ బండెక్కలేదు. మొన్న ఇంటికెళ్ళి ఫోన్ చూపిస్తే, "అందురికీ తెలుసని నేను చెప్పలా?" అని నవ్వాడు. ఆ నవ్వు చూడలేక మొహం తిప్పుకున్నాను. ఆ రోజుల్లో బొమ్మలో ఆయనెవరో తెలియకుండానే మర్రిపాడు దారంతా మా అన్నను గుర్తుపట్టేది. ఇప్పుడు ఆయన్ని గుర్తుపట్టని వాళ్ళు లేరు, ఆ దారిలో మా అన్నను గుర్తుపట్టే వాళ్ళే ఇన్నేళ్ళలో ఒక్కరూ మిగల్లేదు.