అవ్వ చెయ్యి కింద పూలు

నా బిడ్డ పోయింది. వానల్లో పట్టుకున్న జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. కర్నూలు ఆసుపత్రికి పోయిన పిల్ల మళ్లీ ఎమ్మిగనూరుకు నడిచి రాలేదు. ఈ మాట మీకు రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. నేను చదివింది తక్కువ, తప్పులుంటే సర్దుకోండి. కోపం కనపడితే మాత్రం సర్దుకోవద్దు. అది కావాలనే రాస్తున్నాను.

నా బిడ్డ ఆదోనిలో పిల్లల వీడియోలు తయారుచేసే ఒక దుకాణంలో బొమ్మలు గీసేది. కంప్యూటర్‌లో గీసి వాటిని కదిలించేది. రోజూ పొద్దున జొన్నరొట్టె కట్టుకుని బస్సెక్కేది. బొమ్మంతా ఒకే పొరమీద గీయకూడదంట. చెయ్యి ఒక పొర, తల ఒక పొర, కంటిరెప్ప ఒక పొర. అట్లా విడివిడిగా ఉంటేనే, కదిలించే సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకున్నాక చెయ్యి చెయ్యిలా కదులుతుందంట. నేను పాత చీరలతో బొంతలు కుడతాను కాబట్టి పొరలంటే నాకు వెంటనే అర్థమైంది. లోపలేసేది చిరుగుగుడ్డ అయినా ఎవరు చూస్తారని అన్నాను. నా బిడ్డ నవ్వింది.

"దీంట్లో అట్ల కుదరదు మా. చెయ్యి లేస్తే కింద ఏముండాదో కనపడతాది. కనపడని సోట కూడా గీయాల."

రెప్పలు గీయాలంటే అద్దం ముందు కూర్చుని మెల్లగా కళ్లు మూసి తెరిచేది. రెప్ప పొర లేకపోతే బొమ్మకు నిద్రెట్లా వస్తుందని అడిగేది. ఆసుపత్రిలో దాని కళ్లు సగం తెరుచుకునే ఉండిపోయాయి. నా చేత్తోనే మూశాను.

అన్నిటికన్నా ఇష్టపడి గీసింది శెనక్కాయలొలిచే అవ్వను, ఒక పిల్లల కథ కోసం. అవ్వ చేతులు నావే. నేను కుడుతుంటే అట్లే ఉండమని, నా మణికట్టు చూసి గీసింది. కథ చివర తన పేరు కూడా వేయమని దుకాణం యజమానిని అడిగింది. దుకాణం నాది, పేరూ నాదే ఉంటుంది అన్నాడట. పైగా ఫైలు బరువుగా ఉందని, కంప్యూటర్ నత్తలా నడుస్తోందని, పొరలన్నీ ఒకటిగా కలిపేసి దానిమీదే సేవ్ చేసేశాడు. పొరలున్న అసలు బొమ్మ మా ఇంట్లో, నా బిడ్డ ల్యాప్‌టాప్‌లోనే మిగిలింది. పేరు వేస్తానంటేనే తెస్తానని చెప్పి వచ్చేసింది. మంచం పట్టిన రోజుల్లో కూడా ఆయన ఫోన్ చేసింది జ్వరమెట్లా ఉందని కాదు, ఫైలెప్పుడని.

పెద్దకర్మ నాడు పూలదండతో వచ్చాడు. ఫొటోకు వేసి, దండం పెట్టి, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.

"అమ్మా, అవ్వ బొమ్మ గీసిండె గదా పాప, ఆ పొరల ఫైలు యాడుందో సూడండి. ఈసారి పేరు ఏపిస్తా."

"యాడుందో నాకు తెలుసప్పా, ఇయ్యను. అడిగినప్పుడు ఎయ్యని పేరు ఇప్పుడెందుకు? ఆ పేరు సూసుకునేదానికి నా బిడ్డ లేదు గదా."

మా వదిన నన్ను పక్కకు లాగి, చావింట్లో పగలేంది, ఇచ్చెయ్ అని గొణిగింది. పగ కాక నాకేం మిగిలిందో చెప్పమన్నాను. ఫొటోమీది దండ తీసి ఆయన చేతికే ఇచ్చి పంపాను.

తర్వాత ఆదోనిలో ఒక బడిలో ఆ కథ చూపిస్తున్నారని తెలిసింది. బస్సెక్కి పోయి ముందువరుసలో కూర్చున్నాను. కలిపేసిన బొమ్మలోంచే చెయ్యి కత్తిరించి కదిలించినట్టున్నారు. అవ్వ శెనక్కాయ ఎగరేయడానికి చెయ్యెత్తింది. ఒడిలో, అంతవరకు చెయ్యి ఉన్నచోట, అచ్చం చెయ్యి ఆకారంలో నల్లటి బొక్క.

"అవ్వ సీర ఎలక కొరికింది రోయ్," అన్నాడు వెనక ఎవడో పిల్లోడు. బడంతా నవ్వింది. ఆ నవ్వుల్లోనే పెద్ద అక్షరాలతో తెరమీదికి దుకాణమాయన పేరొచ్చింది. తెర పక్కనే నిలబడున్న ఆయన నావైపు చూశాడు. నేను కళ్లు దించలేదు. బిడ్డ పోయాక కడుపునిండా తిన్నది ఆ రోజే.

క్షమించమని నాకు చెప్పకండి. ఆ ల్యాప్‌టాప్‌లో నాకు తెలిసిన పని ఒకటే, అదీ నా బిడ్డ నేర్పిందే. ఒక్కో పొర పక్కన చిన్న కన్ను గుర్తు ఉంటుంది. నొక్కితే ఆ పొర కనపడదు, మళ్లీ నొక్కితే వస్తుంది. మధ్యాహ్నం బొంత పక్కనపెట్టి, చెయ్యి పొర దగ్గరున్న కన్ను నొక్కుతాను. చెయ్యి పోతుంది. దాని కింద, ఎవరికీ కనపడని చోట, అవ్వ చీరమీద చిన్నచిన్న పసుపు పూలు, ఒక్కటీ తప్పకుండా.