అత్తమ్మ కలిపిన పాయింట్లు

తెలంగాణ వచ్చిన కొత్తలో మా ఈడు వాళ్లందరికీ ఒకటే ధ్యాస, సర్కారు కొలువు. ఫారెస్టు బీట్ ఆఫీసర్ రాతపరీక్ష ఎలాగో గట్టెక్కాను గానీ, తర్వాత నడక పరీక్ష ఉంటుందని తెలిసి నా గుండె జారిపోయింది. గడువులోపల కిలోమీటర్ల కొద్దీ నడవాలి. నేనేమో మహబూబ్‌నగర్‌లో మా మేనత్త ఇంట్లో ఉంటూ, మేడమీది గదికి ఎక్కడానికే మధ్యలో గోడ పట్టుకొని ఆగే మనిషిని. (ఇంట్లో నా పేరు ‘బొద్ది’. ముద్దుకే లెండి.)

కోచింగులో స్నేహితురాలు ఉపాయం చెప్పింది. ఫోన్లో ఒక యాప్ ఉంది, ఏది తిన్నా దానికిన్ని పాయింట్లని చూపిస్తుంది, రోజుకిచ్చిన హద్దు దాటకుండా తింటే చాలు, సన్నబడతావంది. అందులో పిజ్జాకు లెక్క ఉంది గానీ మా సర్వపిండికి లేదు. (యాప్ చేసినవాళ్లు పాలమూరు దిక్కు వచ్చి ఉండరు.) అందాజుగా వేళ్లు మడిచి, “ఇంక రెండే ఉన్నయి అత్తమ్మా” అని కంచం ముందు దిగాలుగా కూర్చునేదాన్ని. అత్తమ్మ “అయ్యో బిడ్డా” అనేది.

ఎంత లెక్కగా తిన్నా బరువు పెరుగుతూనే ఉంది. మందుల దుకాణం ముందున్న తూకం మిషన్ ఖరాబైందని గొడవ పెట్టుకుంటే, దుకాణమాయన తనే ఎక్కి చూసుకొని, “నాకు మంచిగనే చూపెడ్తాంది గదమ్మా!” అన్నాడు.

ఒకరోజు మంచినీళ్లకని వంటింట్లోకి వెళితే, అత్తమ్మ నా పప్పులో గరిటెడు నెయ్యి పోసి కలుపుతోంది.

“ఏం చేస్తున్నవత్తమ్మా!”

“రెండే ఉన్నయి, మూడే ఉన్నయి అని రోజు మొకం యేలాడేస్తున్నవ్. నెయ్యికి మస్తు పాయింట్లని నువ్వే అంటివి గద. జర ఎక్కువొస్తె కొలువొస్తదని కలుపుతున్న.”

“పాయింట్లు తక్కువుండాలె అత్తమ్మా!”

“తక్కువొస్తె పాసయ్యే పరీక్ష యాడున్నదే?”

నాకు నవ్వాగలేదు. ఆమె ముఖం మాత్రం చిన్నబోయింది. మర్నాడు తెల్లారకముందే లేపింది. చీర కింద మామయ్య బూట్లు తొడుక్కొని నిలబడి ఉంది. “లే. నెయ్యి పోసింది నేను, కరిగిచ్చేది గుడ నేనే.”

అప్పటినుంచి రోజూ గ్రౌండుకే. మోకాళ్ల నొప్పితో ఆమె నాలుగడుగులు వేసి చతికిలబడేది, అక్కడినుంచే “చేతులూపు, జర జల్ది!” అని అరిచేది. వాకింగుకొచ్చిన పెద్దమనుషులు కూడా బెదిరి వేగం పెంచేవారు. నేను సన్నబడలేదు గానీ ఆయాసం పోయింది.

పరీక్షనాడు పిక్కలు పట్టేసినా గడువు ముగిసేలోపే గీత దాటాను. గేటు బయట చెట్టుకింద కూలబడి “పాసైన” అన్నాను. అత్తమ్మ నేలమీదే కూర్చొని, దుమ్ముపట్టిన నా కాళ్లు ఒళ్లోకి తీసుకొని పిక్కలు పిసకసాగింది.

“వద్దత్తమ్మా, అందరు చూస్తుండ్రు.”

“చూడనీ.”

సిగ్గుతో కాళ్లు లాక్కున్నాను. ఇప్పుడు అమ్రాబాద్ అడవిలో పొద్దంతా తిరిగొచ్చి బూట్లు విప్పేటప్పుడు, ఆ సిగ్గుపడ్డ పిల్లను తలచుకొని నవ్వుకుంటాను. పిచ్చిమొద్దు, ఇంకాసేపు ఆ ఒళ్లోనే ఉంచాల్సింది.