చివరి పిల్ల రంగు

దేశం కాని దేశంలో, మనురేవా అనే ఊళ్ళో మేం అద్దెకున్న ఇంట్లో, మా అమ్మాయి గది గోడ మీద తొమ్మిదిమంది జపాన్ ఆడపిల్లలు కాపురం ఉండేవారు. పాటలు పాడే గుంపు. అందరికీ ఒకటే గౌను, ఒకటే మేజోళ్ళు, ఒకటే నవ్వు. ఒకే రేకులో వేసిన ఇడ్లీల్లా ఉన్నారే అనేదాన్ని. తొమ్మిదో తరగతితో బడి మానేశాను. లెక్కలు అబ్బలేదు గానీ వెక్కిరింపులు బాగానే అబ్బాయి.

"ఇడ్లీలు కాదమ్మా, సరిగ్గా చూడు," అనేది పదమూడేళ్ళ నా కూతురు. "దిస్ వన్. వాళ్ళ డాడ్ ఫారినర్. అలాంటివాళ్ళని అక్కడ హాఫ్ అంటారు."

వరసలో చిట్టచివర నిలబడ్డ పిల్ల. రింగుల జుట్టు, చామనఛాయ కన్నా ఓ పిసరు ముదురు. అచ్చం మా అమ్మాయి రంగే. డీవీడీ పెట్టి నన్ను కూర్చోబెట్టేది. పాటంతా కెమెరా మధ్యలో నిలబడ్డవాళ్ళనే అంటిపెట్టుకుని, చివర్లో ఈ పిల్ల వైపు ఒక్కసారి తిరిగేది. నేను తుమ్మితే అయిపోయేది. సీడీ అట్ట మీద మాత్రం అదే పిల్ల పాలలా తెల్లగా, జుట్టు సాపుగా ఉంది.

"సున్నం కొట్టించారే!" అన్నాను. అది నవ్వలేదు.

ఆ పాటల అర్థాలు ఇంటర్నెట్‌లో వెతికి చెప్పేది. ప్రతి పాటలోనూ ఒకమ్మాయి ఎవరో అబ్బాయి కోసం ఎదురుచూస్తూనే ఉంటుందట. రాసేదేమో మీసాలు నెరిసిన మగవాళ్ళట. ఇంకో గుంపులో ఒక పిల్ల ఎవరినో ప్రేమించిందని తెలిసి పంపించేస్తే, కెమెరా ముందు తల వంచి క్షమాపణ చెప్పిందట.

"మనవాళ్ళేనే! ఎప్పుడో అక్కడికెళ్ళి సెటిల్ అయ్యుంటారు," అన్నాను. దానికి మాత్రం నవ్వింది.

ఆ ఏడు వాళ్ళ స్కూల్లో కల్చరల్ ఈవెనింగ్‌కి ఐదుగురు ఆడపిల్లలు కలిసి ఆ గుంపు పాటకి డాన్స్ చేద్దామనుకున్నారు. లీడరు మలేషియా నుంచి వచ్చిన చైనా పిల్ల, మంచి పొడగరి. మధ్య చోటు తను తీసుకుంది. మా అమ్మాయిని చివర్లో నిలబెట్టి, నువ్వు ఆ హాఫ్ అమ్మాయివి, సరిగ్గా మ్యాచ్ అవుతావు అంది. మా పిల్లేమీ బాధపడలేదు. గాల్లో తేలుతూ ఇంటికొచ్చింది.

"అమ్మా, మేకప్ నువ్వే చెయ్యి. కానీ నా కలరే ఉంచు. ఆ హాఫ్ అమ్మాయిని ఆమెలాగే చూడాలి అందరూ. ఒక్కసారైనా."

పక్క ఊరు పాపకూరలో, అక్కడి హాల్లో తెలుగువాళ్ళ ప్రోగ్రాం ఎప్పుడు జరిగినా పిల్లల మేకప్ నాదే. స్టేజి లైట్లకి మనం నల్లగా పడతామని తెనాలిలో నాటకాలకి రంగులు వేసే మా పెద్దమ్మ చెప్పిన పాఠం. ఏ రంగుతో వచ్చిన పిల్లయినా నా చేతి కింద నుంచి ఒకటే గులాబీ తెలుపుతో లేచి వెళ్ళేది. "అక్కా, మా దానికి ఇంకొంచెం వెయ్యండి," అని తల్లులే అడిగేవారు.

కల్చరల్ ఈవెనింగ్ నాడు స్కూలు క్లాసురూములో కుర్చీ వేసి దాన్ని కళ్ళు మూసుకోమని పెట్టె తెరిచాను. అన్నీ తెలుపు డబ్బాలే. నా కడుపున పుట్టిన పిల్ల రంగు ఆ పెట్టెలో లేదు. అన్నేళ్ళుగా ఎప్పుడూ కొనలేదు. ఉత్త మొహానికి కాటుక పెట్టి పంపినా సరిపోయేది. చేతి అలవాటని చెప్పొచ్చు గానీ, అది అబద్ధం. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ముద్దే. నలుగురిలోకి పంపేటప్పుడు మాత్రం కాకి కూడా కాస్త పౌడరు అద్దుతుంది.

రెండు పూతలు వేశాను. అది కళ్ళు తెరిచి కిటికీ అద్దంలో చూసుకుంది. బుగ్గ మీద వేలితో ఒకసారి రుద్దింది. కడుక్కునే టైం లేదు. అంతలో లీడరు పిల్ల లోపలికొచ్చి ఆగిపోయింది.

"వావ్! యూ లుక్ సో ప్రిటీ!" అని, కాసేపు తేరిపార చూసి, "నువ్వు మధ్యలోకి రా. నేను పొడుగు కదా, చివరికి వెళ్తాను," అంది ఇంగ్లీషులో.

మా అమ్మాయికి ఐదుగురి స్టెప్పులూ కంఠతా వచ్చు. మధ్యలో నిలబడి, గోడ మీది నవ్వు నవ్వుతూ, ఒక్క అడుగు తప్పకుండా ఆడింది. నేను ఈల వేశాను. ఆ హాఫ్ అమ్మాయి మాత్రం ఆ రోజు పాటలో ఎక్కడా లేదు.

"చూశావా, రెండు పూతలకే మధ్యలోకి వచ్చిపడ్డావు!" అన్నాను కారులో. అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే ఎదురు చెప్పడం నాకు తెలుసు. తిట్టలేదు.

నెల తిరగకుండా పాపకూర హాల్లో మనవాళ్ళ ప్రోగ్రాం వచ్చింది. ఎప్పుడూ మూడుసార్లు పిలిస్తే గానీ రాని పిల్ల, అందరికంటే ముందే వచ్చి స్టూలు మీద కూర్చుంది. కళ్ళు మూసుకుని గడ్డం పైకెత్తింది.

"లాస్ట్ టైమ్ కంటే ఒక షేడ్ ఎక్కువ వెయ్యమ్మా."

"ఎందుకే?"

"మధ్యలో ఉండాలి కదా."

వెనక వరసలో తల్లులు తమ పిల్లల్ని పట్టుకుని నిలబడి ఉన్నారు. స్పాంజి తడిపాను. నుదురు, బుగ్గలు, గడ్డం అయ్యాక, ఇక చాలు లే అన్నాను.

"మెడకి కూడా. చెవుల వెనక కూడా వెయ్యి. అక్కడ తెలిసిపోతుంది," అంది కళ్ళు తెరవకుండానే.

వేశాను.