సిస్టర్ ఊనా తల్లి దాచిన భాష

మా అపార్టుమెంటు గేటు పక్కన ఒక ఇస్త్రీ బండి ఉంది. గంజి పెట్టిన బట్ట మీద పెట్టె ఆనగానే లేచే ఆవిరిలో అన్నం వార్చిన వాసన కొంత, మాడు వాసన కొంత ఉంటుంది. నిన్న పొద్దున అది మూడో అంతస్తు దాకా వచ్చింది. చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టేశాను. నారాయణగూడలో నేను పనిచేసిన బడిలో హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి అడుగు పెడితే ముందు తగిలేది ఆ వాసనే. ఆ తరువాతే సిస్టర్ ఊనా కనిపించేది. తల మీది తెల్లగుడ్డ అట్టలా నిలబడి ఉండేది. మనిషీ అంతే.

తేదీల విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. నేను తెలుగు టీచరుగా చేరింది 1968 జూన్‌లో. 1969లో అని మా తమ్ముడు ఇప్పటికీ వాదిస్తాడు, అది తప్పు. ఏడాది తాత్కాలికం, ఆ తరువాత నచ్చితే ఖాయం చేస్తారు. నాన్న అంతకు ముందు సంవత్సరమే పోయారు. చిక్కడపల్లిలో అమ్మ, ఇద్దరు తమ్ముళ్లు, కిరాయి ఇల్లు అన్నీ ఆ ఉద్యోగం ఖాయం కావడం మీదే ఆధారపడి ఉన్నాయి.

సిస్టర్ ఊనా ఐర్లండు ఉత్తరాన పుట్టిన సన్యాసిని. తెలుగును ఆమె బడి ఆయా లచ్చమ్మ దగ్గర, గేటు ముందు దిగే కూరగాయల గంపల దగ్గర నేర్చుకున్నది. అందువల్ల ఆమెది అచ్చంగా మా గల్లీ తెలుగు. ‘మీరు’ అనే మాట ఆమెకు ఎన్నడూ పట్టుబడలేదు. ఇన్‌స్పెక్టరు వచ్చినా ‘నువ్వు’ అనేది, చివర ఒక ‘సార్’ చేర్చేది. టీచర్లు ఆమె ఎదుట నవ్వు బిగబట్టుకుని వరండాలోకి వచ్చి నవ్వేవారు.

ఆ చలికాలంలో నా మీద ఫిర్యాదు వచ్చింది. మా తరగతిలో గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగుల పిల్లలు సగానికి పైగా ఉండేవారు. నేను ఇంట్లో మాట్లాడినట్టే వాళ్లతో మాట్లాడేదాన్ని. అశోక్‌నగర్‌లో ఉండే ప్రసాదరావుగారు అనే అధికారి భార్యతో కలిసి వచ్చారు. సిస్టర్ నన్నూ పిలిపించింది.

“మా ఉష ఇంటికొచ్చి గట్ల, ఇట్ల అంటోందండీ. తెలుగు నేర్పమని పంపితే ఉన్న తెలుగు కూడా పోయేలా ఉంది. ఈ అమ్మాయి మంచిదే, కాదనను. కానీ టీచరుని మార్చండి,” అన్నారాయన.

సిస్టర్ ఆయన వైపు తిరిగింది. “నీ ఇంట్ల మాట్లాడేది పుస్తకంల ఉన్నట్టే ఉంటదా సార్?”

ఆయనకంటే ముందే భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “ఎక్కడుంటుందండీ,” అనేసింది. ఆయన ఆమెను ఒక చూపు చూశారు.

“అయితే పుస్తకం మాట అందరికి కష్టమే. పెద్దపరీక్ష దాక ఆగు సార్. నీ బిడ్డ రాతల తప్పులొస్తే ఈ పిల్లను తీసేస్త,” అంది సిస్టర్. నన్ను ఒక్క మాట అడగలేదు.

మర్నాడు నాకొక పద్ధతి చెప్పింది. మొదటి గంటలో ప్రతి పిల్లా తన ఇంట్లో జరిగిన సంగతి తన ఇంటి మాటలోనే చెప్పాలి. చెబుతున్నంతసేపూ ఎవరూ దిద్దకూడదు, టీచరు కూడా. నవ్వినవాళ్లు తరువాత లేచి చెప్పాలి. అంతా అయ్యాక అదే సంగతిని అందరూ పుస్తకం తెలుగులో రాయాలి. మొదటి వారం పిల్లలు గోడలు చూశారు. తరువాత లోయర్ ట్యాంక్ బండ్ నుంచి వచ్చే ఒక పిల్ల, తమ బర్రె తాళ్లు తెంపుకుని పెళ్లి బ్యాండు వెంట పోయిన వైనం చెప్పింది. ఉష నవ్వి, నియమం ప్రకారం లేచి, వాళ్ల నాయనమ్మ సిటీ బస్సులో కండక్టరుతో పోట్లాడిన సంగతి ఆమె గొంతుతోనే చెప్పింది. రాయడానికి కూర్చున్నప్పుడు ఇద్దరూ ఒకేలా పెన్సిళ్లు కొరికారు. మా ఇంటి మాట తక్కువది కాదని అంతకు ముందు నాకు ఎవరూ చెప్పలేదు. ఆ తరగతిలో అది నా కళ్లకే కనిపించింది.

1969 వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం మొదలైంది. బళ్లు మూతపడ్డాయి. పరీక్ష జరగలేదు, నా ఉద్యోగం తేలలేదు. జూన్ వచ్చినా బడి తెరవలేదు. కోస్తా నుంచి వచ్చినవాళ్ల ఇళ్లకు పగలే గడియలు పడుతున్నాయి. ఒకరోజు సిస్టర్ కబురు చేసింది. “బడి మూసిండ్రు, మంచిదే. పిల్లల నోరు మూసుకోవాల్నా? నడువు, ఉష ఇంటికి పోదాం,” అంది.

నాకు భయమేసింది. గొడవలకు భయం, ఆ ఇంటికి వెళ్లడానికి ఇంకా భయం. ఆమె మాత్రం గొడుగు విప్పి చిక్కడపల్లి వైపు నడక సాగించింది. దారిలో తన తల్లి సంగతి ఇంగ్లీషులో చెప్పింది. నాకు గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను.

ఆమె తల్లి పుట్టింది పడమటి కొండల్లో. ఆలుగడ్డలు తప్ప మరేదీ సరిగా పండని నేల. ఇంట్లో మాట్లాడేది ఐరిష్. ఏడాదికి రెండుసార్లు కింది ఊళ్లో కూలి సంత జరిగేది. పిల్లలు చేతిలో బట్టల మూట పట్టుకుని నిలబడేవారు. పనికి వచ్చారనడానికి ఆ మూటే గుర్తు. రైతులు వాళ్ల జబ్బలు నొక్కి చూసి ఆరు నెలలకు మాట్లాడుకునేవారు. ఇంగ్లీషులో బదులు చెప్పగలిగిన పిల్లలకు ముందు పని దొరికేది. ఆమె తల్లి చివరిదాకా నిలబడింది. తీసుకుపోయిన రైతు పూర్వీకులు స్కాట్లండు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. వాళ్ల మాటే ఇంగ్లీషు అనుకుని ఆ పిల్ల కష్టపడి నేర్చుకుంది. పెద్దదై డెర్రీ పట్నంలో చొక్కాల ఫ్యాక్టరీకి వెళ్తే, అది ఇంగ్లీషు కాదు, పల్లెటూరి వంకర మాట అని నవ్వారు. ఆ రైతు పిల్లలు కూడా అదే మాటకు బడిలో బెత్తం దెబ్బలు తిన్నవాళ్లే. ఆమె మూడోది, పట్నం ఇంగ్లీషు, నేర్చుకుంది. పిల్లలు పుట్టాక మొదటి రెండింటినీ నోట రానివ్వలేదు. చొక్కా కుడుతూ కుట్లు లెక్కపెట్టేటప్పుడు మాత్రం పెదవులు పాత భాషలో కదిలేవట.

“మా అమ్మమ్మ ఒకసారి పట్నానికి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని పొద్దంతా కూర్చుంది. ఆమెకు ఐరిష్ తప్ప రాదు, నాకు ఐరిష్ రాదు. నేర్పమని అమ్మనడిగితే, దానితో నీకు తిండి దొరకదంది. ఆ భాషను కర్ర చూపించి మాన్పించినవాళ్లూ ఉన్నారు సుగుణా, కానీ మా ఇంట్లో కర్ర అవసరం కాలేదు. సంతలో దానికి ధర పలకలేదు, అంతే.”

ఆ మాట దగ్గరే కాలేజీ కుర్రాళ్ల గుంపు దారికి అడ్డం వచ్చింది. చేతుల్లో రాళ్లున్నాయి.

“యాడికి సిస్టరమ్మా? ఎవరింటికి?” అన్నాడొకడు.

“పాఠం చెప్పనీకి పోతున్న బిడ్డా. నీకు చెల్లె ఉన్నదా?”

“ఉన్నది. మీ బళ్లనే, నాలుగో క్లాసు.”

“మరి ఇంట్ల ఏం చేస్తున్నది? పలక ఇచ్చి పంపియ్. అశోక్‌నగర్‌ల ప్రసాదరావు సార్ ఇంట్ల కూసుంటం. జర తొవ్వ ఇడువుండ్రి, ఎండ కొడుతున్నది.”

ఎవరింటికి పోతున్నామో దాచకుండా పేరుతో సహా చెప్పేసింది. వాడు రాయి చేతిలోనే తిప్పుకుంటూ ఆమెను చూశాడు. ఆ తెల్లముఖం నుంచి తన ఇంటి మాట వినడం వాడికి కొత్త. తరువాత పక్కకు జరిగాడు. ఆమె వెనుదిరిగి చూడలేదు. అంత ధైర్యాన్ని అంత దగ్గరగా నేను మళ్లీ చూడలేదు.

ప్రసాదరావుగారు తలుపు ఓరగా తీసి, “ఈ పరిస్థితుల్లో ఎందుకు వచ్చారండీ?” అన్నారు. “తెలుగు పోతుందన్నవ్ కద సార్,” అని ఆమె లోపలికి నడిచింది. మర్నాడు ఆ కుర్రాడి చెల్లెలు పలకతో వచ్చింది. ప్రసాదరావుగారి భార్య ఆ పిల్లకూ ఉషకూ ఒకే పళ్లెంలో అటుకులు పెట్టింది. బడి మళ్లీ తెరిచేదాకా ఆ వరండాలోనే మా తరగతి జరిగింది. ఆ ఆగస్టులో సిస్టర్ సొంత పట్నం డెర్రీలోనూ గొడవలు రేగి ఇళ్లు కాలాయని రేడియోలో విన్నాం. ఆమె ఆ రోజు కూడా పాఠానికి వచ్చింది.

బడి తెరిచాక ప్రసాదరావుగారు వచ్చారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని ఆయన అనలేదు. “రాతలో తప్పుల్లేవండీ. ఇంట్లో మాత్రం మా అమ్మాయి రెండు రకాలుగా మాట్లాడుతోంది,” అన్నారు, ఇంకా కొంచెం గుర్రుగానే.

“రెండు మంచిదే సార్,” అంది సిస్టర్. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం పెడుతూ, తల ఎత్తకుండా అన్నది. “మా అమ్మకు మూడుండె. నాకు ఒక్కటే ఇచ్చి పోయింది.”

ఆయన లేచి ఆమెకు నమస్కారం పెట్టి వెళ్లారు.

సిస్టర్ ఊనా ఇక్కడే పోయింది, ఇక్కడి మట్టిలోనే ఉంది. నేను పదవీ విరమణ చేసి చాలా కాలమైంది. ఇప్పుడు మా పక్క స్థలంలో కట్టడం పనికి పాలమూరు నుంచి వచ్చిన దంపతుల కూతురు సాయంత్రాలు నా దగ్గర చదువుకుంటుంది. మొన్న పాఠం మధ్యలో నాకు తెలియని మాట ఒకటి అన్నది. వెంటనే నాలుక కరుచుకుని, “తప్పా అమ్మమ్మా?” అంది. కాదన్నాను. పుస్తకం మూసి, ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాను, నాకు సరిగా పలకడం వచ్చేదాకా.